రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ కొంటున్నారా?
గోడ గడియారానికీ, టీవీ రిమోట్‌కీ ఇవి దండగ, మామూలు సెల్ వేస్తే నెలల తరబడి నడుస్తుంది. పిల్లల బొమ్మ కార్లు, గేమ్ కంట్రోలర్, కెమెరా ఫ్లాష్ లాంటివి సెల్స్‌ని తెగ తాగేస్తాయి కదా, వాటికి కొనండి. ప్యాకెట్ మీద నికెల్ మెటల్ హైడ్రైడ్, 1.2 వోల్టులు, ఓ 2000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె), 'లో సెల్ఫ్ డిశ్చార్జ్' (అంటే వాడకపోయినా ఛార్జ్ త్వరగా దిగదని) అని ఉంటే చాలు. 2800 అన్న పెద్ద అంకె చూసి టెంప్ట్ అవ్వొద్దు, అలాంటివి చాలావరకు వాడకుండా పక్కన పెట్టినా త్వరగా దిగిపోతాయి.

ఛార్జర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఒక్కో సెల్‌కి విడిగా లైటు ఉండాలి, నిండగానే దానంతటదే ఆగాలి. రెండింటికీ కలిపి ఒకే లైటుంటే జతగా ఎక్కిస్తుందన్నమాట, అప్పుడు ఒకదానికి ఛార్జ్ మోతాదు మించి ఎక్కుతుంది, రెండోది సగంలోనే ఉంటుంది. పాతా కొత్తా కలిపి వేయకండి. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఛార్జర్‌లో అస్సలు పెట్టకండి, కారిపోతాయి, ఒక్కోసారి పేలతాయి కూడా.