సైకిల్‌మీద రోడ్డెక్కేవాళ్ళకి: మరీ అంచుకి పోకండి

కొత్తగా సైకిల్ మొదలెట్టినవాళ్ళు చాలామంది భయంకొద్దీ రోడ్డు చివరంటా తొక్కుతుంటారు, నిజానికి డేంజర్ అక్కడే ఎక్కువ. ఇసుక, గాజుపెంకులు, డ్రైనేజీ జాలీలు అన్నీ ఆ అంచునే ఉంటాయి, పైగా సందు దొరికింది కదా అని వెనకొచ్చే కారు రాసుకుంటూ పోతుంది. ఎడమవైపే ఉండండి, కానీ అంచుకి ఓ మీటర్ లోపలికి, వంకర్లు పోకుండా తొక్కండి.

ఆగి ఉన్న కార్ల పక్కన కూడా అంతే దూరం. సీట్లో తల కనిపించినా, వెనక లైటు అప్పుడే ఆరినా, డోర్ తెరుచుకోబోతోందని అనుకుని స్పీడ్ తగ్గించి వేళ్ళు బ్రేకులమీద పెట్టుకోండి. రెండు కార్ల మధ్య ఖాళీలోకి దూరి మళ్ళీ బయటికి రావద్దు, వెనకవాళ్ళకి మీరు సడెన్‌గా ఊడిపడ్డట్టే. ఆర్టీసీ బస్సు ఆగితే ఎడమనుంచి అస్సలు దూరకండి, జనం దిగేది అటే.

యూటర్న్ తీసుకోవాలంటే చాలా ముందే వెనక్కి చూసి, చెయ్యి చూపించి, మెల్లగా కుడికి జరగండి. ట్రాఫిక్ ఎక్కువుంటే దిగి నడిపించుకుంటూ దాటండి, అందులో నామోషీ ఏం లేదు. ఒంటిచేత్తో తొక్కడం, వెనక్కి చూసినా సైకిల్ పక్కకి లాగకుండా ఉండటం ముందు హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన, పైన సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్‌మీద ప్రాక్టీస్ చేస్కోండి, 2023లో ఓపెన్ చేశారు, 23 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక ముక్క, నానక్‌రామ్‌గూడ వైపు ఇంకోటి, కార్ల గొడవ ఉండదు.

హెల్మెట్ కనుబొమ్మలకి రెండువేళ్ళ పైన కూర్చోవాలి, నెత్తి వెనక్కి కాదు. చీకటైతే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

వానలో రిమ్ బ్రేకులు (చక్రం ఇనప అంచుని రెండువైపులా నొక్కి ఆపేవి) వెంటనే పట్టవు, కాబట్టి ముందే మెల్లగా నొక్కి రిమ్ మీది నీళ్ళు తుడుచుకోనివ్వండి. నీళ్ళు నిలిచినచోట గుంత ఉందో, మ్యాన్‌హోల్ ఉందో తెలీదు, అందులోకి పోనివ్వకండి.

ఇక వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వైపు మట్టిదారులకి పోతే, టైర్ పక్కన రాసున్న పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) రేంజ్‌లోనే గాలి కొంచెం తగ్గించండి, గ్రిప్ బాగుంటుంది. మొరంమీద మలుపులో ముందు బ్రేక్ గట్టిగా పట్టారా, చక్రం జారుతుంది, స్పీడ్ మలుపుకి ముందే తగ్గించాలి. కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ని అడ్డంపెట్టుకుని మెల్లగా నడవండి. తుమ్మముల్లు గుచ్చుకుని పంక్చరైతే కొత్త ట్యూబ్ వేసేముందు టైర్ లోపలంతా వేలితో జాగ్రత్తగా తడిమి ముల్లు తీసెయ్యండి, లేకపోతే అదీ పోతుంది.