కృతజ్ఞతల డైరీ నాకు ఎలా పనికొచ్చిందంటే (నా అనుభవం)

రోజూ రాత్రి 'ఆరోగ్యం, ఇల్లు, కుటుంబం' అని రాసేదాన్ని. నెల తిరిగేసరికి చెయ్యి రాస్తోంది, మనసుకు ఏమీ అంటడం లేదు. కొత్త డైరీ, ఫోన్‌లో యాప్, పొద్దున్నే రాయడం... ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు, ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలే రాశాను. తర్వాత ఒక్కోదాని కింద 'ఎందుకు జరిగింది?' అని. మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో వారంపాటు చేయించింది ఇదే. అంతకుముందు నేను వదిలేసింది ఆ 'ఎందుకు'నే. మొదటి రాత్రి రాసింది: 'పక్కింటావిడ లిఫ్ట్ తలుపు పట్టుకుని నిలబడింది. ఎందుకు? నా చేతుల్లో సంచులు దూరం నుంచే చూసింది.' రాస్తుంటే గొంతు పట్టేసింది. మర్నాడు ఆవిడకే ఆ మాట చెప్పాను.

ఇప్పుడు పడుకునేటప్పుడు మనసు తేలిగ్గా ఉంటోంది. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం డైరీతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ని కలవండి.