పిడుదులకు పొర మీద రక్తం పట్టడం – 3వ పాఠం: పొర, గొట్టం, మొదటి రెండు రోజులు

పోయిన పాఠంలో కబేళా నుంచి తెచ్చిన ఆవు రక్తాన్ని చిలికి, గడ్డకట్టించే పీచును తీసేశాం. లీటరుకు 2 గ్రాముల గ్లూకోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం. ఇప్పుడు అసలు పని, జంతువు చర్మానికి బదులుగా పిడుదు నోరు దించే పొర తయారీ.

రక్తం కనబడితే చాలు, పిడుదు తాగేస్తుందని చాలామంది అనుకుంటారు. మెత్తని ఒంటి పిడుదుల విషయంలో అది దాదాపు నిజం. పల్చటి పారాఫిల్మ్ (సాగే మైనపు షీటు) సాగదీసి కింద వెచ్చటి రక్తం ఉంచితే గంటలోపే కడుపు నింపుకుని పక్కకు జరుగుతాయి. ఈ పాఠంలోది గట్టి డాలున్న ఇక్సోడిస్ రిసినస్, అంటే యూరప్ అడవుల్లో లైమ్ వ్యాధిని మోసుకు తిరిగేది. ఆడది వారం పైనే ఒకే చోట పాతుకుపోతుంది. ముందు చర్మాన్ని కోస్తుంది, ముళ్లున్న నోటి కాడను దించుతుంది, చుట్టూ సిమెంటులాంటి పదార్థం స్రవిస్తుంది. ఆ తర్వాత కాసేపు ఉమ్మి వదులుతూ, కాసేపు పీలుస్తూ ఉంటుంది. రక్తంలోని అదనపు నీటిని ఉమ్మితోనే వెనక్కి పంపేస్తుంది. అంటే మన పొరకు పడిన కన్నం వారం రోజులూ కారకూడదు.

స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్ విశ్వవిద్యాలయంలో క్రోబర్, గెరాన్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన పద్ధతి ఇక్కడే పేరు తెచ్చుకుంది. పిడుదు మందులను జంతువుల మీద కాక గొట్టంలోనే పరీక్షించడానికి వాళ్లు దీన్ని రూపొందించారు. పొరకు సిలికోన్ వాడారు. ఇంజెక్షన్ సీసా మీది రబ్బరు మూతలాగే, గుచ్చిన చోట అది మళ్లీ బిగుసుకుంటుంది. మన దగ్గర కుందేలు మీద పిడుదులను పెంచాలంటే సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తీసుకోవాలి. అందుకే ఈ పద్ధతి నేర్చుకుని పెట్టుకోవడం మంచిది.

గాజు పలక మీద ప్లాస్టిక్ షీటు పరిచి, కటకాలు (లెన్సులు) తుడిచే కాగితాన్ని దాని మీద ముడత లేకుండా అతికించండి. సిలికోన్ జిగురులో కొంచెం సిలికోన్ నూనె, పల్చబడటానికి హెక్సేన్ అనే ద్రావకం కలపండి. హెక్సేన్ ఆవిరి మంటకు అంటుకుంటుంది, పీలిస్తే తల తిరుగుతుంది. కాబట్టి ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే చేయండి. మిశ్రమాన్ని కాగితం మీద గరిటెతో ఒకే ఊపున లాగాలి. మళ్లీ మళ్లీ సర్దితే ఒకచోట మందం, ఒకచోట పల్చన అవుతుంది. రాత్రంతా గట్టిపడనిచ్చి, మైక్రోమీటరుతో నాలుగైదు చోట్ల కొలవండి. పెద్ద పిడుదులకు 80 నుంచి 100 మైక్రోమీటర్ల మందం సరిపోతుంది. నింఫ్‌ల (లార్వాకూ పెద్ద పిడుదుకూ మధ్య దశలోవాటి) నోరు పొట్టి, వాటికి ఈ పొర పనికిరాదు. వాటి పొర సంగతి వేరే పాఠంలో.

పొరను గాజు గొట్టం అంచుకు సిలికోన్ జిగురుతో అతికించి, ఆరాక మిగులు కత్తిరించండి. తర్వాత గొట్టాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో 20 నిమిషాలు నిలబెట్టండి. లోపల చుక్క తడి కనిపించినా ఆ గొట్టం పక్కన పెట్టాల్సిందే. అతుకు వేసి వాడదామనే ఆశ వద్దు, మూడో రోజుకి రక్తం పైకొచ్చి పిడుదులన్నీ మునుగుతాయి.

ఇక పిడుదును నమ్మించాలి. ఒట్టి సిలికోన్ మీద అది తిరుగుతూనే ఉంటుంది. ఆవు వెంట్రుకల నుంచి తీసిన సారాన్ని పొర మీద పూయండి, కొన్ని వెంట్రుక ముక్కలు చల్లండి, కాళ్లకు పట్టు దొరికేలా చిన్న ప్లాస్టిక్ జాలీ ముక్క పెట్టండి. వెచ్చదనం, వాసన కలిస్తేనే అది నోరు దించుతుంది.

ఆరు గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 3 మి.లీ. పైచిలుకు రక్తం పోసి, 37 డిగ్రీల నీటితొట్టిలో ఉంచండి. పొర రక్తంలో మూడు నాలుగు మి.మీ. మునిగేలా గొట్టం నిలపాలి, కింద గాలి బుడగ చిక్కకూడదు. పది ఆడ, పది మగ పిడుదులను వదిలి గుడ్డ జాలీతో మూసేయండి. తొట్టి చుట్టూ రెండువైపులా జిగురుండే టేపు, ఒంటిమీద తెల్ల కోటు ఉండాలి. తెల్లగుడ్డ మీద పాకే పిడుదు వెంటనే కనబడుతుంది.

రక్తం మార్పు 12 గంటలకోసారి. కొత్త రక్తాన్ని ముందే వెచ్చబెట్టి, జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ చేర్చి సిద్ధంగా ఉంచండి. గొట్టం తీసి, పొర అడుగును వెచ్చటి సెలైన్‌తో కడిగి, కొత్త గుంటలో దించండి. రాత్రి మార్పు ఎగ్గొట్టాలనిపిస్తుంది. ఎగ్గొడితే తెల్లారేసరికి రక్తం నల్లబడి కుళ్లు వాసన కొడుతుంది. 37 డిగ్రీల రక్తంలో బాక్టీరియాకు ఒక్క రాత్రి చాలు.

మొదటి రెండు రోజుల్లో మెత్తని బ్రష్‌తో తాకి చూడండి. అంటుకున్నది కదలదు, ఒళ్లు వాలుగా నిలబెట్టి ఉంటుంది. పక్కన నల్లటి మలం పడితే తాగుతోందన్న మాట. ఒళ్లు పెరగలేదని కంగారు పడొద్దు, ఉబ్బడం చివరి రోజులోనే జరుగుతుంది. రెండు మూడు మిల్లీగ్రాముల ఆడది రెండు వందలు దాటేది అప్పుడే, అదీ మగదానితో జతకడితేనే. మగవాటిని వదలమన్నది అందుకే.

మన పశువుల మీది గోమార్లకూ ఇదే చేయొచ్చా అని అడుగుతారు. వాటిలో ముఖ్యమైన రిపిసెఫాలస్ మైక్రోప్లస్ లార్వాగా ఎక్కిన పశువు మీదే రెండుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. కాబట్టి దాని మూడు దశలనూ గొట్టంలో నిలబెట్టాలి. ముందు రిసినస్ మీద చేయి తిప్పుకోండి.

4వ పాఠంలో పొర మీద బూజు, దానికి వాడే మందు నిస్టాటిన్, నిండిన పిడుదును ఊడదీయడం చూద్దాం. ఈలోగా పొరలు పోసి, మందం కొలిచి, ఆల్కహాల్ పరీక్ష నెగ్గిన గొట్టాలు కనీసం ఆరు సిద్ధం చేసుకోండి. పిడుదులు ఇంకా తెప్పించొద్దు.