డేటా లీకైందని తెలిసిందా? ముందు తారీఖు వేసి రాసి పెట్టండి

మన వివరాలు ఎక్కడో లీకయ్యాయని తెలిస్తే చాలామంది అనే మాట ఒకటే: "డబ్బేం పోలేదు కదా!" మా చెల్లెలి కొడుకూ అదే అన్నాడు. వాళ్లు గాజువాకలో ఉంటారు. చెల్లెలు థైరాయిడ్ పరీక్ష చేయించుకున్న ల్యాబ్ పేరు, పరీక్ష తేదీ, ఆవిడ పుట్టినరోజు అన్నీ పొల్లుపోకుండా చెప్పి ఎవడో ఫోన్ చేశాడు. ఇన్సూరెన్స్ డబ్బు వెనక్కి వేస్తాం, ఓటీపీ చెప్పండి అన్నాడట. ఆవిడ చెప్పలేదు. "పోయిందేటీ లేదు కదా పెద్దమ్మా, వదిలేద్దాం" అన్నాడు మావాడు. వదలనివ్వలేదు నేను. వివరాలు ఒకసారి బయటికి పోయాయంటే ఈ వారం కాకపోతే ఇంకో ఏడాదికి ఎవరో వాడతారు. ఆ రోజు మన చేతిలో పాత తేదీతో ఒక ఫిర్యాదు ఉండాలి.

విశాఖలోనే బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు సీతమ్మధారలో ఉంటున్నాను. కస్టమర్ల ఫిర్యాదులు చూసిన రోజుల్లో బాధ కలిగించిన విషయం ఒకటుంది. "ఆ రోజే ఫోన్ చేసి చెప్పానండీ" అనేవారు. ఏ నంబరుకి, ఎవరితో, ఎన్నింటికి అని అడిగితే జవాబు ఉండేది కాదు. కంప్లైంట్ నంబరు రాసుకున్నవాళ్ల పని జరిగేది. నిజం చెబుతున్నవాళ్లు కూడా కాగితం లేక ఓడిపోవడం చూశాను.

అందుకే ఒక లాంగ్ నోట్‌బుక్ తీయండి. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, నంబరు, అవతలివాడు మీ గురించి ఏమేం చెప్పాడు, అన్నీ వాడు అన్న వరసలోనే రాయండి. వాడికి ఏ వివరాలు తెలుసో చూస్తే అవి ఎక్కడి నుంచి పోయాయో చాలావరకు తేలుతుంది. చెల్లెలి విషయంలో పరీక్ష తేదీ ల్యాబ్‌కి తప్ప వేరేవాళ్లకి తెలిసే అవకాశం లేదు. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్‌లో నంబరు, సమయం రెండూ కనబడాలి. మెసేజ్‌లు తీసెయ్యకండి. ఆ ఫోన్ అమ్మేయడం, రీసెట్ చేయడం అసలు వద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోన్ మన దగ్గర ఉంటే ఆ పని సులువు.

తరువాత తాళాలు. ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, బ్యాంకుది ఆ తరువాత. మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లు మార్చే లింకులు చాలావరకు ఈమెయిల్‌కే వస్తాయి కాబట్టి ఈ వరస. రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేలా పెట్టండి. ఆధార్ నంబరు కూడా పోయిందనుకుంటే ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి ఉంది కదా, దాన్ని ఆపేది ఈ లాకే. మనకి కావాల్సినప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. మీ ఆధార్‌ని గత ఆరు నెలల్లో ఎక్కడెక్కడ వాడారో కూడా అక్కడే చూడొచ్చు. యాప్ కుదరనివాళ్లు ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేసి అడగొచ్చు.

మీ పేరుమీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూడండి. మీది కాని నంబరు కనబడితే అక్కడికక్కడే రిపోర్ట్ చేయొచ్చు. ఉన్నట్టుండి మీ ఫోన్‌కి సిగ్నల్ పోయి ఎంతకీ రాకపోతే నెట్‌వర్క్ అనుకుని ఊరుకోకండి, వేరే ఫోన్ నుంచి మీ కంపెనీకి కాల్ చేయండి. మీ నంబరుకి ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు.

అప్పుల సంగతి. మన పాన్‌తో ఎవరైనా లోన్ తీసుకుంటే ఆ సంగతి మన అప్పుల చిట్టా ఉండే క్రెడిట్ రిపోర్టులో బయటపడుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేరోజు తీసుకోకుండా మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడవునా కాపలా ఉన్నట్టే. తెలియని లోన్ కనబడితే ఆ సంస్థకీ, లోన్ ఇచ్చినవాళ్లకీ ఇద్దరికీ రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకి 100 రూపాయల చొప్పున మనకి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023లో చెప్పింది. ఈ 100 అడిగేవాళ్లే లేరు. అడగండి.

డబ్బు పోయి ఉంటే ఇవన్నీ తరువాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పోయిన డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి నిమిషాల్లో మారిపోతుంది. దాన్ని దారిలో పట్టుకుని హోల్డ్‌లో పెట్టడానికే ఆ నంబరు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు, మీ అకౌంట్ నంబరు, మొత్తం, సమయం దగ్గర పెట్టుకుని మాట్లాడండి. తరువాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తిచేసి అక్నాలెడ్జ్‌మెంట్ ప్రింట్ తీసుకోండి. హోల్డ్‌లో పడ్డ డబ్బు దానంతటది రాదు, చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాలి. అప్పుడు ఈ ప్రింటే అడుగుతారు.

1930కి చెప్పాం కదా అని బ్యాంకుని మర్చిపోతారు. బ్యాంకుకి వేరుగా చెప్పాలి. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో మరెక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోపు చెప్పినవాళ్లు రూపాయి కూడా భరించక్కర్లేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 దాకా మీ మీద పడొచ్చు. లెక్క ఎలాగో చెబుతాను. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన రోజు లెక్కలోకి రాదు, మీ బ్రాంచి సెలవులూ రావు. రెండో శనివారానికి ముందు శుక్రవారం రాత్రి మెసేజ్ వచ్చిందనుకోండి. శని, ఆదివారాలు పోగా సోమ, మంగళ, బుధ మీ మూడు రోజులు. అలాగని బుధవారం దాకా ఆగమని కాదు, ఆ రాత్రే యాప్‌లోనో హెల్ప్‌లైన్‌లోనో చెప్పి కంప్లైంట్ నంబరు తీసుకోండి.

ఓటీపీ చెప్పేశాం, ఇంకేం మొహం పెట్టుకుని అడుగుతాం అని ఊరుకునేవాళ్లున్నారు. వాళ్లకే ఇది ముఖ్యంగా చెబుతున్నాను. మీరు చెప్పే వరకు జరిగిన నష్టం మీది. బ్యాంకుకి చెప్పాక ఆపైన పోయింది బ్యాంకుది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుంటే ఆ రెండు రోజుల నష్టమూ మీదే. కస్టమర్ తప్పు ఉందని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. రాసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫీజు లేకుండా పెట్టొచ్చు.

ఇక లీకు చేసిన సంస్థ. ఇక్కడే మనవాళ్లు వెనకడుగు వేస్తారు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు ఉండాలనీ, ఫిర్యాదు నెలలోగా పరిష్కరించాలనీ 2011 నాటి ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. చెల్లెలి చేత ల్యాబ్‌కి ఈమెయిలూ, రిజిస్టర్డ్ పోస్టూ రెండూ పంపించాను. అడిగినవి ఇవి: నా వివరాల్లో ఏవేవి బయటికి పోయాయి, ఎప్పుడు పోయాయి, మీకు ఎప్పుడు తెలిసింది, సెర్ట్-ఇన్‌కి రిపోర్టు చేశారా. సెర్ట్-ఇన్ అంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ. దాని 2022 ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకి చెప్పాలి. కౌంటర్ దగ్గరికి వెళ్లి గొడవపడితే సారీ చెప్పి పంపేస్తారు. ఈ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద వెళితే లాయర్‌కి చూపించకుండా జవాబు ఇవ్వలేరు.

నష్టపరిహారానికి ఇప్పుడున్న దారి ఐటీ చట్టం 43ఏ సెక్షన్. సున్నితమైన సమాచారాన్ని కంపెనీ నిర్లక్ష్యంగా ఉంచినందువల్ల మీకు నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. వైద్య రికార్డులు, బ్యాంకు వివరాలు, పాస్‌వర్డ్‌లు, వేలిముద్రలు ఇందులోకి వస్తాయి. ఒట్టి పేరు, ఫోన్ నంబరు రావు. 5 కోట్ల దాకా క్లెయిమ్‌లు వినేది రాష్ట్ర ఐటీ కార్యదర్శి, తీర్పు చెప్పే అధికారి (అడ్జుడికేటింగ్ ఆఫీసర్) హోదాలో. సివిల్ కోర్టుకి వెళ్లక్కర్లేదు.

కొత్తగా 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. లీకైతే బాధితులకి ఆలస్యం చేయకుండా చెప్పాలి, ఆ చట్టం కింద ఉన్న డేటా రక్షణ బోర్డుకి 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలి, రక్షణ సరిగ్గా పెట్టకపోతే 250 కోట్ల దాకా జరిమానా. ఈ బాధ్యతలు అమల్లోకి వచ్చేది 2027 మేలో. ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకే పోతుంది, బాధితుడికి రాదు. పైగా అప్పుడే 43ఏ సెక్షన్ కూడా రద్దవుతుంది. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. పరిహారం అడగాల్సినవాళ్లు ఈలోపే అడగండి.

డబ్బు కట్టి సేవ తీసుకున్నాం కాబట్టి వినియోగదారుల కమిషన్ దారీ ఉంది. కంపెనీ హెడ్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరు విశాఖలో ఉంటే ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అందుకే ల్యాబ్ బిల్లు పారేయొద్దని చెల్లెలికి చెప్పాను.

మీ పేరుతో ఎవరైనా మోసం చేస్తే ఐటీ చట్టం 66సీ, 66డీ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. విశాఖ కమిషనరేట్‌కి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది, కానీ మీ వీధి దగ్గరి స్టేషన్‌లోనూ ఫిర్యాదు తీసుకోవాలి. మా పరిధి కాదు అని తిప్పి పంపకూడదు, పరిధితో పనిలేకుండా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. కాపీ ఉచితం. తీసుకోకపోతే అదే ఫిర్యాదుని పోస్టులో పై అధికారికి పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. లాయర్ ఖర్చు భరించలేని వాళ్లు ఉచిత న్యాయసహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. వెళ్లేటప్పుడు నోట్‌బుక్, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, 1930 అక్నాలెడ్జ్‌మెంట్, కంపెనీకి రాసిన ఉత్తరం, దాని పోస్టల్ రసీదు, బిల్లు అన్నీ రెండేసి కాపీలు తీసుకెళ్లండి. ఒక కాపీ మీద స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.