పిల్లల దగ్గర ఫోన్లు లేకుండా క్లాసులో ఆన్‌లైన్ క్విజ్ ఎలా పెట్టాలి?

ట్రైనింగుకి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ప్రొజెక్టర్ మీద ఓ ఇరవై యాప్‌లు చూపించి, వీటితో క్లాసు అదిరిపోతుంది అంటారు. తీరా మన బడికొచ్చి చూస్తే వాటిలో చాలావరకు పిల్లలకి తలో ఫోనూ ఉంటే తప్ప పనికిరావు. ఆమదాలవలస దాటి కాస్త లోపలికి వెళ్తే మా హైస్కూలు. తొమ్మిదో తరగతిలో 38 మంది. చాలా ఇళ్లలో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ నాన్నతో పాటే చెన్నైకో హైదరాబాదుకో పనికి వెళ్లిపోతుంది. ఇంక కహూట్ లాంటి, పిల్లలు ఫోన్లోనే జవాబు నొక్కే క్విజ్ ఎక్కడ ఆడిస్తాం చెప్పండి?

అందుకే నేను ముందు ప్లికర్స్ అనే క్విజ్ యాప్ గురించి చెప్తాను. దీనికి ఒక్క ఫోను చాలు, అదీ టీచరుది. పిల్లల చేతిలో ఉండేది కాగితం కార్డు.

మొదట ఖాతా, క్లాసు

కంప్యూటర్లో ప్లికర్స్ సైటు తెరిచి మీ జీమెయిల్‌తో ఖాతా చేసుకోండి. ఫోన్లో ప్లికర్స్ యాప్ వేసుకుని అదే ఖాతాతో లాగిన్ అవ్వండి. ఆ తర్వాత కొత్త క్లాసు అని ఒకటి పెట్టి పిల్లల పేర్ల జాబితా అతికించండి. ఇంటిపేర్లతో సహా రాయక్కర్లేదు, మనకి గుర్తుపట్టడానికి ఎంత కావాలో అంతే. ప్రతి పేరుకీ ఒక కార్డు నంబరు అదే ఇస్తుంది. అవి మీ హాజరుపట్టీ నంబర్లతో సరిపోయాయో లేదో ఒకసారి చూసి, లేకపోతే అక్కడే మార్చుకోండి. ఈ పని చేయకుండా వదిలేస్తే రోజూ "నాది ఏ కార్డు సార్" అనే గోలకే పది నిమిషాలు పోతాయి.

కార్డులు

సైటులోనే 40 కార్డుల సెట్టు ఉచితంగా దిగుతుంది. నలుపు తెలుపే కాబట్టి మామూలు జెరాక్స్ సరిపోతుంది. ఒక్కో కార్డు మీద ఒక్కో నల్లటి ఆకారం, దాని నాలుగు పక్కలా చిన్నగా ఏ, బీ, సీ, డీ అక్షరాలు ఉంటాయి. మా పిల్లలు చూడగానే "ఏటి సార్ ఇవి, ముగ్గుల్లాగున్నాయి" అన్నారు, అప్పట్నుంచి మా బడిలో వాటి పేరు ముగ్గు కార్డులే. ఏ ఇద్దరి ముగ్గూ ఒకటి కాదు, అక్షరాలు కూడా ఒక్కో కార్డు మీద ఒక్కో వైపు ఉంటాయి, కాబట్టి పక్కవాడి కార్డు చూసి అలాగే తిప్పినా లాభం లేదు. కాపీ కొట్టేవాళ్లకి ఇది అర్థమయ్యేసరికి వారం పట్టింది!

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. చిరిగిపోతాయని జాగ్రత్త పడి అన్నిటికీ మెరిసే లామినేషన్ చేయించాను. మొదటి రోజు కిటికీ వైపు వరుసలో ఒక్క కార్డూ స్కాన్ కాలేదు, వెలుతురు పడి తళతళలాడాయి. డబ్బులు పోయాయి. మళ్లీ జెరాక్స్ తీసి, ఈసారి స్టాఫ్ రూములో పడి ఉన్న పెళ్లి శుభలేఖల మీద అతికించాం. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి.

ప్రశ్న

అసలు కష్టం ఇక్కడే. యాప్ ఎంత బాగున్నా ప్రశ్న చప్పగా ఉంటే క్లాసు చప్పగానే ఉంటుంది. తప్పు జవాబులు కూడా పిల్లలు నిజంగా పొరబడేవి అయ్యుండాలి. నేను పెట్టిన ఒక ప్రశ్న చూడండి: కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది ఏది? నాగావళి, వంశధార, చంపావతి, గోస్థని. నాలుగూ మన ఉత్తరాంధ్ర నదులే, నాలుగూ బంగాళాఖాతంలోనే కలుస్తాయి.

ఉచిత ఖాతాలో ఒక్కో సెట్టుకి కొన్ని ప్రశ్నలకే అవకాశం ఉంటుంది. నాకది మంచిదే అనిపించింది, ఒక పీరియడుకి మూడు ప్రశ్నలు మించితే ఎలాగూ చర్చ ఉండదు.

స్కాన్ చేయడం

కంప్యూటర్లో గానీ, క్లాసులో పెద్ద టచ్ ప్యానెల్ ఉంటే దానిమీద గానీ ప్లికర్స్ తెరిచి ఉంచండి. ఫోన్లో ప్రశ్న నొక్కగానే అక్కడ కనిపిస్తుంది. స్క్రీన్ లేకపోతే బోర్డు మీద రాసేయండి, ఏం ఫర్వాలేదు. పిల్లలు తాము అనుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి, వేళ్లు నలుపు మీద పడకూడదు. మీరు ముందు నిలబడి ఫోను కెమెరాని ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పితే చాలు, ఒక్కొక్క పేరూ ఫోన్లో పడుతుంది. ఎవరిది పడలేదో కూడా తెలుస్తుంది. నెట్ కావాలి కానీ ఎక్కువ డేటా తినదు.

అందరివీ పడగానే సరైన జవాబు చూపించేయకండి. ముందు ఎంతమంది ఏది అన్నారో చూపించి, పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమనండి, తర్వాత అదే ప్రశ్న మళ్లీ అడగండి. ఇది నా కనిపెట్టుడు కాదు, హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి కాలేజీ విద్యార్థులతో చేయిస్తున్న పద్ధతి. మా దగ్గర మొదటిసారి సగానికి పైగా నాగావళి అన్నారు. ఎందుకంటే శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా వాళ్లు చూసేది ఆ నదినే. గారలో అమ్మమ్మగారి ఊరున్న పిల్ల ఒకతి వెనక్కి తిరిగి, "కళింగపట్నం లైట్‌హౌస్ కాడికి నేనెళ్లాను, అది వంశధారే, నాగావళి కల్లేపల్లి కాడ కలుస్తాది" అని ఆ బెంచీ మొత్తాన్ని దబాయించింది. రెండోసారి స్కాన్ చేస్తే చాలా కార్డులు తిరిగిపోయాయి. నేను మ్యాపు పట్టుకుని అరగంట చెప్పినా అంత పని జరిగేది కాదు.

టీచర్లు కలిసి పనిచేయాలంటే

ఇది పిల్లల సంగతి. మనలో మనకి ప్రశ్నపత్రం తయారీ అంటే ఇప్పటికీ వాట్సాప్‌లో ఫైళ్లు తిరుగుతుంటాయి. ఒకరు అను ఫాంట్‌లో కొట్టి పంపుతారు, ఇంకొకరి కంప్యూటర్లో ఆ ఫాంట్ ఉండదు, తెరిస్తే ఏదో మంత్రాల భాష కనిపిస్తుంది. దీనికి గూగుల్ డాక్స్ వాడండి. ఒక డాక్యుమెంట్ తెరిచి, షేర్ నొక్కి, మీతో పనిచేసేవాళ్ల జీమెయిళ్లు ఇచ్చి ఎడిటర్ అని పెట్టండి. లింకు ఉన్న ఎవరైనా మార్చొచ్చు అని మాత్రం పెట్టకండి, ప్రశ్నపత్రం గ్రూపుల్లో తిరగడానికి అదొక్కటి చాలు. ఫోన్లో జీబోర్డ్ మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది, అదంతా యూనికోడ్ కాబట్టి ఎక్కడ తెరిచినా అక్షరాలు చెదరవు. ఎవరైనా పొరపాటున సగం చెరిపేసినా కంగారు పడకండి, వెర్షన్ హిస్టరీలోకి వెళ్తే పాత ప్రతి ఉంటుంది.

మిగతావి

సైన్స్ వాళ్లకి ప్రయోగాలు తెరమీదే చేసి చూపించే ఫెట్, లెక్కల వాళ్లకి బొమ్మలు, గ్రాఫులు గీసి జరిపి చూపించే జియోజెబ్రా. రెండూ ఉచితమే, నెట్ ఉన్నచోట ముందే దించుకుని క్లాసులో నెట్ లేకుండా నడపొచ్చు. ఓమ్ నియమం చెప్పే రోజు ఫెట్‌లో వోల్టేజ్ జరిపి చూపించండి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షతో స్కాన్ చేసి, వీడియో ముందు మీరు చూసి, బాగుంటేనే పిల్లలకి వేయండి. అన్నీ బాగుండవు.

ఏది వాడినా ఫలితాలు నెలకోసారి దించుకుని మీ దగ్గర పెట్టుకోండి. గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డ్ మీద అంతా పెట్టుకున్నవాళ్లకి 2024 చివర్లో అది మూతపడినప్పుడు తెలిసొచ్చింది. కార్డులు మాత్రం పీరియడ్ అవ్వగానే నంబర్ల వరసలో లెక్కపెట్టి తీసుకోండి, మా 17వ నంబరు ఇప్పటికి మూడుసార్లు మళ్లీ జెరాక్స్ అయింది.