బావి నీటిలో నైట్రేట్ ఎక్కడి నుంచి వచ్చింది?

మా వైనరీ (ద్రాక్షసారా తయారీశాల) బావి నీటి పరీక్షలో నైట్రేట్ లీటరుకు 14 మిల్లీగ్రాములు అని రాగానే ఊపిరి పీల్చుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు కదా! మర్నాడు నివేదిక మళ్లీ చదివితే గుండె గుభేలుమంది. ఆ 14 నైట్రేట్ కాదు, అందులోని నైట్రోజన్ మాత్రమే. నైట్రేట్ లెక్క రావాలంటే దాన్ని 4.43తో గుణించాలి. అంటే 62.

అదే బావి నీటితో పక్కింటివారు చంటిబిడ్డకు పాలు కలుపుతున్నారు. మరిగిస్తే నైట్రేట్ పోదు, పైగా నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ రోజే వాళ్లకు వేరే నీళ్లు ఏర్పాటు చేశాను.

అందరూ వేలెత్తి చూపింది వైనరీ కడిగిన నీళ్లు చేరే గుంటనే. నేను మాత్రం భూగర్భజలం పారే దిశలో ఎగువ, దిగువ బావుల నమూనాలు ఒకే రోజు తీయించాను. ఎగువన నైట్రేట్ తక్కువే, కాబట్టి పై తోటల ఎరువు కాదు. సెప్టిక్ ట్యాంకో, గుంటో కారుతుంటే ఉప్పులో ఉండే క్లోరైడ్ కూడా నీటిలో పెరిగేది. అదీ లేదు.

వాన వెలిశాక షెడ్డు వెనక్కి వెళ్లాను. మట్టినేల మీద పోసిన ద్రాక్షపిప్పి కుప్ప అడుగు నుంచి పుల్లటి వాసనతో గోధుమరంగు రసం కారి, కళ్లముందే నేలలోకి ఇంకుతోంది. పిప్పిలోని నైట్రోజన్‌ను సూక్ష్మజీవులు అమ్మోనియాగా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. వాన దాన్ని కిందికి దింపుతుంది.

కుప్పకు కాంక్రీటు గచ్చు, చుట్టూ గట్టు, పైన రేకులు వేయించాను. కారే రసం తొట్టిలోకి వెళుతుంది. పిప్పి కుళ్లి తయారైన కంపోస్టును తీగలు చిగురించే వేళ పలుచగా చల్లి, ఆ మేరకు ఎరువు తగ్గిస్తున్నాను. మూడు నెలలకోసారి పరీక్ష. అంకె నెమ్మదిగా దిగుతోంది, పక్కింటికి బయటి నీళ్లు మాత్రం ఇంకా ఆపలేదు.