మైకా మీద నికెల్ ఫిల్మ్: వంచినా లూప్ మారకపోతే ఏం చూడాలి?

సైదాపురం, గూడూరు వైపు దొరికే మైకాను పల్చగా పొరలు విప్పి, మీద నికెల్ పూత వేస్తే వంచగలిగే అయస్కాంత ఫిల్మ్ తయారవుతుంది. వంచితే నికెల్ సాగుతుంది, దాంతో అయస్కాంతీకరణకు సులువైన దిశ మారి, హిస్టరిసిస్ లూప్ (ఫీల్డ్‌ని, అంటే బయటి అయస్కాంత క్షేత్రాన్ని, పెంచి తగ్గిస్తూ అయస్కాంతీకరణను గీసిన వక్రరేఖ) కూడా మారుతుంది. మారాలి మరి. మారకపోతే ఇవి చూడండి.

వంచినా హిస్టరిసిస్ లూప్ కదలడం లేదు

చాలామంది వెంటనే నికెల్‌ని అనుమానిస్తారు. నన్నడిగితే ముందు మైకా మందం కొలవమంటాను. స్ట్రెయిన్, అంటే ఫిల్మ్ ఎంత వంతు సాగిందనేది, మైకా మందాన్ని వంపు వ్యాసార్థానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 50 మైక్రాన్ల మైకాను 10 మి.మీ. వ్యాసార్థంతో వంచితే 0.25 శాతం వస్తుంది, అది చాలు. మైకా మందంగా ఉంటే లోపలి పొరలు ఒకదానిమీద ఒకటి జారిపోయి, లెక్కలో వచ్చిన స్ట్రెయిన్ ఫిల్మ్‌కి అందదు. టేపుతో ఇంకో పొర లాగేసి పల్చని ముక్క మీద మళ్లీ పూత వేయండి.

మందం సరిగ్గానే ఉంటే, పూత వేసింది నికెలేనా? దాదాపు 81 శాతం నికెల్, 19 శాతం ఇనుము ఉండే పర్మల్లాయ్ అయితే ఎంత వంచినా పెద్దగా స్పందించదు, దాని మాగ్నెటోస్ట్రిక్షన్ (అయస్కాంతీకరణతో పొడవు మారే గుణం) దాదాపు సున్నా.

మారింది, కానీ అనుకున్నదానికి రివర్స్‌లో

తప్పేమీ లేదు. నికెల్ మాగ్నెటోస్ట్రిక్షన్ రుణాత్మకం, సుమారు మైనస్ 34 పీపీఎం (పది లక్షల్లో 34 వంతులు). సాగదీసిన దిశకు అడ్డంగా తిరగడమే దానికి ఇష్టం. ఫీల్డ్‌ని వంపు అక్షం (ఏ గీత చుట్టూ వంచామో అది) వెంబడి పెట్టి, ఫిల్మ్ బయటివైపు ఉండేలా వంచితే లూప్ చదరంగా నిలబడాలి, లోపలివైపుకు తిప్పి వంచితే వాలిపోవాలి. రెండువైపులా ఒకేలా మారితే అది స్ట్రెయిన్ పని కాదు, శాంపిల్ కదిలింది.

లూప్ చివరలు ఆగకుండా పైకి పోతున్నాయి

మన నెల్లూరు మైకా ఆకుపచ్చగా ఉంటుంది కదా, అందులో కొంత ఇనుము ఉంటుంది. ఆ ఇనుము వల్ల వచ్చే పారామాగ్నెటిక్ (ఫీల్డ్‌తో పాటు పెరుగుతూ పోయే బలహీన అయస్కాంతత్వం) వాలే ఇది. పూత లేని అదే సైజు మైకా ముక్కను విడిగా కొలిచి, ఆ విలువను మొత్తంలోంచి తీసేయండి. స్టీలు బ్లేడుతో కోసినా, స్టీలు పట్టకారుతో పట్టుకున్నా అంచుకు అంటిన రజను కూడా అనుమానించాలి, ఇకమీదట స్టీలు కాని బ్లేడు, ప్లాస్టిక్ పట్టకారు వాడండి.

వదిలేశాక పాత లూప్ రాలేదు

మైక్రోస్కోప్ కింద వంపు అక్షానికి సమాంతరంగా సన్నని గీతలు కనిపిస్తే ఫిల్మ్ పగిలినట్టే. దాన్ని బాగుచేయలేం. కొత్త ముక్క తీసుకుని, ఈసారి పెద్ద వ్యాసార్థం నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా తగ్గించండి.